అబాంధవులకొక దోసిలి

ఒక యింట మరణము సంభవించినప్పుడు ఎవరెన్ని దినములు మైల పట్టవలయునో, ఎవరు నువ్వులునీళ్లు విడువవలయునో, ఎవరికి స్నానమాత్రమున శుద్ధి కలుగునో మన ధర్మశాస్త్రకారులు మిక్కిలి సూక్ష్మముగా విభజించి చెప్పియున్నారు. సపిండులకు పది దినములు, సమానోదకులకు మూడు, దిక్కులేని శవమును ధర్మబుద్ధితో మోసిన పరునికి ఒక్క స్నానము. ఈ లెక్కలను ఆక్షేపించుట నా యుద్దేశము కాదు. పొయ్యి వెలుగవలసిన, పైరు కోయవలసిన, పెండ్లి ముహూర్తములు పెట్టుకొనవలసిన లోకమున మైలకొక హద్దు ఉండి తీరవలసినదే. అయితే మైలకు గీచిన హద్దు శోకమునకును చెల్లునా? రక్తసంబంధము గాని, గోత్రసంబంధము గాని, తుదకు ముఖపరిచయము గాని లేని యొకానొకని దుఃఖమున పాలుపంచుకొనుటకు మనకు అధికారము కలదా? కలదేని, అట్లు పంచుకొనినది నిజముగా శోకమే యగునా, లేక లోకమర్యాద కొరకు కొంతసేపు ధరించిన గంభీరముఖము మాత్రమేనా? చాలకాలముగా నన్ను వెన్నాడుచున్న ప్రశ్న యిది.

జంషెడ్‌పూరు నగరమందలి ఆగ్రికోలో కాపురమున్నవారికి ఇది తీరికవేళ తర్కించుకొను విషయము కాదు. 1907లో టాటా ఉక్కు సంస్థ స్థాపితమై, సాక్చీ గ్రామమున కొలుములు వెలసి, 1912లో తొలి ఉక్కుదిమ్మ పోతపోసిన కాలమునుండియు శ్రీకాకుళ, విజయనగర, విశాఖ ప్రాంతముల తెలుగువారు పని వెదకికొనుచు ఇచ్చటికి వచ్చుచునే యున్నారు. 1919లో సాక్చీకి జంషెడ్‌పూరనియు, కాళీమాటి స్టేషనుకు టాటానగరమనియు పేర్లు మారినవి. తరువాతి దశకమున పారలు, గునపములు, గొడ్డళ్లు మొదలగు వ్యవసాయపు పనిముట్లు చేయు కార్ఖానా యొకటి లేచినది. మా పేటకు ఆగ్రికో యను పేరు దానినుండి వచ్చినదే. తండ్రి ఆ ముద్ర గల పారతో ఊరిలో గట్లు చెక్కగా, కుమారుడు ఆ పేరు గల పేటలో క్వార్టరు సంపాదించి, జీవితమంతయు షిఫ్టు డ్యూటీలు చేసి, పదవీవిరమణానంతరము కూడ మరలిపోక ఇచ్చటనే నిలిచిన కుటుంబములు ఎన్నో కలవు. గోడకు ఆవల భోజ్‌పురి, ఈవల బంగ్లా, ఎదుట ఒడియా, మూలయింట పంజాబీ వినవచ్చు వీథిలో ఒకరు కన్నుమూసినచో, పలాసనుండియో పార్వతీపురమునుండియో తమ్ముడు రైలెక్కి వచ్చువరకు కాలము ఆగదు. పాడె మోయుటకు నలుగురు కావలయును. 2004లో చంద్రసిద్ధార్థ తీసిన ‘ఆ నలుగురు’ చిత్రమును చూచి కంట తడిపెట్టిన తెలుగువారెందరో కలరు. ఆగ్రికోలో మాత్రము ఆ నలుగురిలో ఇద్దరైనను తెలుగు రానివారై యుందురు. సువర్ణరేఖ యొడ్డున భుయాడీహ్ శ్మశానఘట్టమునకు పోవు దారిలో మనవారు గోవిందనామము పలుకుచుండ, వెనుకకొమ్మునకు భుజము పట్టిన పొరుగువాడు రామనామమే సత్యమని తన భాషలో పలుకుచుండును. అతడు ఏ సంబంధమును పురస్కరించుకొని ఆ బరువు మోయుచున్నాడు?

ఈ ప్రశ్నను నా మనస్సున మరల కదల్చినది 2018 ఆగస్టు మాసమున విడుదలయిన ‘కార్వాన్’ అను హిందీ చలనచిత్రము. ఆకర్ష్ ఖురానా దానికి దర్శకుడు. దుల్కర్ సల్మాన్, ఇర్ఫాన్ ఖాన్, మిథిలా పాల్కర్ ప్రధాన పాత్రధారులు. మన అక్కినేని అమలగారు తాహిరా యను పాత్ర ధరించిరి. బెంగుళూరున ఉద్యోగము చేయు అవినాశ్ అను యువకుని తండ్రి గంగోత్రి యాత్రకు పోయి బస్సు ప్రమాదమున మరణించును. శవపేటిక వచ్చును, అందున్నది తండ్రి కాదు, ఎవరో వృద్ధురాలు. ఆమె కుమార్తె తాహిరా కొచ్చిలో నున్నది. అవినాశుని తండ్రి అచ్చటికి చేరియున్నాడు. ఈ మార్పిడిని సరిచేయుటకై అవినాశును, వ్యానుగల మిత్రుడు శౌకతును బయలుదేరుదురు. నడుమ ఊటీలో చదువుకొనుచున్న తాహిరా కుమార్తె తన్యాను గూడ ఎక్కించుకొందురు. కథ యంతయు ఆ దారియే.

తన తండ్రి పరుల యింట ఉన్నాడు. పరుల తల్లి తన బండిలో ఉన్నది. ఈ స్థితిని పాఠకులు ఒక్క క్షణము తమ మనస్సున నిలుపుకొందురుగాక. తండ్రితో ఆ యువకునికి చిరకాలపు మనస్పర్థ. తనకిష్టమైన ఛాయాచిత్రకళను విడిపించి జీతపు కొలువులోనికి త్రోసినాడను కినుక చల్లారకమునుపే ఆ తండ్రి పోయినాడు. వాని కంట నీరు రాదు. అట్టివాడు, ఎన్నడును చూచియెరుగని ముసలితల్లి దేహమును మాత్రము మర్యాదకు లోపము రానీయక కొండదారులు దాటించి తీసికొనిపోవును. కన్నతండ్రికి చేయలేకపోయిన శుశ్రూష ఒక అపరిచితురాలి కళేబరమునకు చేయుచు చేయుచు, వాడు తనకు తెలియకుండగనే తండ్రి సమీపమునకు నడచుచున్నాడు. చిత్రమున హాస్యము పాలు కొంత మించినదనియు, దుఃఖము ముదిరినచోటనెల్ల నవ్వు తెచ్చి కప్పవలెనను తొందర కనబడుననియు నేనొప్పుకొందును. కాని శౌకత్ పాత్రలో ఇర్ఫాన్ ఖాన్ ఉన్నంతసేపు ఆ తొందర మరుపున పడును. ఆ చిత్రము విడుదలయైన నాటికే వ్యాధిగ్రస్తుడై చికిత్స పొందుచుండిన ఆ మహానటుడు 2020 ఏప్రిల్ 29న దివంగతుడయ్యెను. పోయిన యిద్దరిలో ఎవరును శౌకతునకు ఏమియు కారు. బండి అతనిది, చక్రము పట్టిన చేతులు అతనివి. పైన నేనడిగిన అధికారప్రశ్నకు గురియైనవాడు ఆ ముగ్గురిలో అతడే.

ఇంతకంటె నెమ్మదియైన, నవ్వునకు చోటీయని చిత్రమొకటి 2021లో జపాను దేశమున వెలువడినది. హరుకి మురకామి కథ నాధారము చేసికొని ర్యూసుకె హమగుచి తీసిన ‘డ్రైవ్ మై కార్’ అది. నిడివి సుమారు మూడు గంటలు. మరుసటి సంవత్సరము ఉత్తమ అంతర్జాతీయ చిత్రముగా ఆస్కారు పొందినది. కఫుకు అను రంగస్థల నటుని భార్య మెదడులో రక్తస్రావమై హఠాత్తుగా మరణించును. ఆనాటి రాత్రి నీతో మాటలాడవలెనని ఆమె ఉదయముననే చెప్పియుండెను. ఆ మాట యేమగునో యను భయముచే అతడు పనిలేకయే కారులో తిరిగి తిరిగి ఆలస్యముగా ఇల్లు చేరెను. కొంతకాలము పిదప చెహోవ్ నాటక మాడించుటకై హిరోషిమాకు పోయినప్పుడు, అతని కారు నడుపుటకు మిసాకి యను ఇరువదిమూడేండ్ల యువతి నియమింపబడును. కొండచరియ విరిగిపడి ఇల్లు కూలిన దినమున ఆమె తాను బయటపడెను. లోన నున్న తల్లికొరకు మరల పోలేదు, ఎవరిని పిలువనులేదు. కఫుకు కూతురు బాల్యముననే పోయినది. బ్రతికియున్నచో దానికిని ఇరువదిమూడేండ్లే యుండెడివి. దర్శకుడు బలహీనుడైనచో ఇచ్చట వారిని తండ్రీకూతుళ్లను గావించి కథ ముగించియుండును. హమగుచి అట్లు చేయలేదు. హొక్కైడోకు పోవు దారిలో కఫుకు ఆ పిల్లతో, తాను తండ్రినైయున్నచో భుజము పట్టుకొని నీ తప్పేమియు లేదని చెప్పియుందునుగాని, అట్లు చెప్పజాలననును. నీవు తల్లిని, నేను భార్యను చేజేతుల పోగొట్టుకొంటిమని తాత్పర్యము వచ్చునట్లు పలుకును. వినుటకు కఠినము. కాని యెన్నడును ఎవరికిని నోరు విప్పని ఆ యిరువురును కలిసి మంచులో కూలిన ఇంటి యెదుట నిలుచుటకు బలమిచ్చినది ఆ మాటయే.

అంతకుముందొక రాత్రి దృశ్యమున, కారులో పొగత్రాగనీయని ఆ మనుష్యుడు తానే సిగరెట్టు వెలిగించి ఆమెకొకటి ఇచ్చును. పొగ లోనికి రాకుండ ఇద్దరును పైకప్పు తెరచి, చెరియొక చేయి వెలుపలికి చాచి పట్టుకొందురు. కారు చీకటిలో పోవుచుండును, మాటలేమియు లేవు.

బంధువు చేయలేని దేదియో పరుడు చేయగలడని నాకు అప్పుడు తోచినది. మన యిండ్లలో పరామర్శ యెట్లు జరుగునో చూడుడు. వచ్చిన ప్రతి చుట్టమును గుమ్మము దాటకమునుపే ‘ఎట్లు జరిగినదమ్మా?’ యనును, చెప్పినదే చెప్పి కోడలు నోరెండిపోవును. వెంటనే ‘డాక్టరు ఏమన్నాడు? ముందుగనే పెద్దాసుపత్రికి తీసికొనిపోవలసినది కాదా?’ యనును. అడిగినవారు దుష్టులు కారు, వారి కడుపు మండియే యుండును. అయితే పోయినవానియందు భాగము గలవారికి, పోగొట్టిన నేరము మోపు హక్కును ఉన్నదని లోకము అంగీకరించినది. ఆ హక్కు పరామర్శలోనికి చొరబడకుండ నిలుపుట ఎవరి తరము కాదు. చిన్నదో పెద్దదో అపరాధభావము లేని శోకము లేదు. ఆ రాత్రి మందు వేయుట మరచితిమి, ఫోను ఎత్తకపోతిమి, చివరిసారి కసరుకొంటిమి. ఈ మాట అన్నతో చెప్పిన కయ్యము, చెల్లెలితో చెప్పిన యేడుపు. ఏ పాలును కోరని, ఏ నేరమును మోపని చెవి యొకటి కావలయును. అది సాధారణముగా దారిలోనే దొరకును.

దీనికి ప్రతివాదము బలమైనదే. రైలు స్నేహమని మనవారు ఊరక అనలేదు. పరుని జాలికి ఖర్చు లేదు. స్టేషను రాగానే దిగిపోవును. పదునొకండవనాడు బియ్యము, కట్టెలు, దక్షిణలు సమకూర్చువాడు వాడు కాడు, ఎంత కసరుకొన్నను అన్నయే. ఈ మాటను నేను తేలికగా త్రోసివేయను. ఆగ్రికోనుండి అస్థికలు తీసికొని మనవారు గోదావరికో, వంశధారకో, బారువ సముద్రతీరమునకో పోవుట పూర్వమునుండి యున్నది. ఖరగ్‌పూరులో బండి మారి, మద్రాసు దారిన దక్షిణమునకు పోవుచుండిరి. ఆ పాత్రను నేల పెట్టరాదని పెద్దలు చెప్పుటచేత, గుడ్డలో మూటగట్టి కిటికీ కొక్కెమునకు వ్రేలగట్టుదురు. భార్యను పోగొట్టుకొని ఒంటిగా బయలుదేరిన మా వీథి పెద్దమనిషి యొకడు రాత్రి యంతయు కన్నుమూయక ఆ మూటవైపే చూచుచు కూర్చుండెనట. ఎదుటి బెర్తుపైని ఒడియా వృద్ధుడు చాలసేపటికి సంగతి గ్రహించి, చేసైగతో అతనిని పండుకొనుమని, తాను లేచి కూర్చుండి, బండి ఊగినప్పుడెల్ల ఆ మూట గోడకు తగులకుండ అరచేయి అడ్డము పెట్టెనట. తెల్లవారుజామున మావాడు మేల్కొనునప్పటికి ఆ చేయి అట్లే యున్నది. ఖుర్దారోడ్డులో ఆయన దిగిపోయెను. పేరు అడుగుకొనలేదు, అడుగుటకు భాషయు లేదు. నిశ్చయముగా అది రైలు స్నేహమే. మావాడు తరువాత చుట్టములు చేసిన సాయములన్నియు ఒక్కొక్కటిగా మరచెను. ఆ అరచేతిని మాత్రము మరువలేదు.

అయోధ్యాకాండమున, తండ్రి మరణవార్త విన్న పిమ్మట, చిత్రకూటమున శ్రీరాముడు భరతునికి చెప్పిన ఓదార్పుమాటలలో రెండు ఉపమానములున్నవి. మహాసముద్రమున రెండు కట్టెలు కలిసి, కొంతకాలము కూడి తేలి, విడిపోవునట్లే ఆలుబిడ్డలును జ్ఞాతులును ధనములును కూడి విడిపోవుననునది యొకటి. దారిప్రక్క నిలిచినవాడు సాగిపోవు బిడారును చూచి నేనును మీవెనుక వచ్చుచున్నానన్నట్లు, తాతతండ్రులు పోయిన మార్గమున మనమును పోవలసినవారమే యనునది రెండవది. వైరాగ్యబోధకులు మొదటి యుపమానమును వేయివిధముల వ్యాఖ్యానించిరి. బంధువులు సైతము పరులే, మమకారము వలదని దాని సారము తేల్చిరి. కాని ఆ కట్టెలనే ఆవలి వైపునుండి చూడుడు. కూడియుండుట తప్ప బాంధవ్యమునకు వేరు స్వరూపము లేనిచో, ఈ క్షణమున నా ప్రక్కన తేలుచున్న కట్టె, అది యే అడవిలో పుట్టినదైనను, నాకు తమ్ముడు ఎంతయో అంతయే గదా! బంధువును పరునిగా దించు తర్కమే పరుని బంధువుగా ఎత్తును. రెండవ యుపమానము దీనికి మరింత దోహదము. బిడారులో నడచువారికి ఒకరి కులగోత్రములు ఒకరికి తెలియనక్కరలేదు, దారి యొకటే యైన చాలును. ఇంతయు విన్నను భరతుడు అన్నను విడువలేదనియు, పాదుకలు తలపై పెట్టుకొని గాని మరలలేదనియు మనమెరుగుదుము. వైరాగ్యము చెప్పిన ఘట్టముననే వాల్మీకి అనురాగమును గెలిపించెను.

పరుడన ఎవడో నిర్ణయించుట ఎంత దుస్తరమో మహాభారతము స్త్రీపర్వము చివరి ఘట్టము తెలుపును. యుద్ధము ముగిసినది. వితంతువులును, పుత్రహీనలైన తల్లులును వెంటరాగా వృద్ధరాజు కురుక్షేత్రమునకు పోయినాడు, దహనములైనవి, గంగలో తర్పణములు విడుచుచున్నారు. కుంతి యప్పుడు నోరు విప్పి, కర్ణునికిగూడ నీరు విడువుడు, అతడు మీ యన్న యని పాండవులతో చెప్పెను. అంతవరకు కర్ణుడు ధర్మరాజునకు సూతపుత్రుడు, శత్రువు, నిద్రపట్టనీయని భయము. వాని పతనము పండుగ. ఒక్క మాటతో ఆ విజయము భ్రాతృహత్య యైనది. ధర్మరాజు దుఃఖమునకు తుదిలేకపోయినది, తల్లి రహస్యము దాచినందుకు స్త్రీజాతిపై శాపవాక్యము సైతము వెడలినది. కర్ణుడు నిన్నటివాడే, వాని కవచకుండలములు, వాని దానము, రథచక్రము క్రుంగిన నేల, ఏదియు మారలేదు. మారినది ధర్మరాజునకు తెలిసిన సంగతి మాత్రమే. కావున శోకాధికారము రక్తమునుండి వచ్చునని చెప్పుట పొరపాటని నాకు తోచుచున్నది. రక్తము మొదటినుండియు ఉన్నది, అయినను శోకము రాలేదు. వచ్చినది తెలిసినప్పుడే. ఎవని కథయైనను తెలియబడినంతనే మనము వానికి ఏడ్వగలవారమగుదుము. తెలియనంతకాలము తోడబుట్టినవాని పతనమునకు కూడ దుందుభులు మ్రోగింపగలము. చలనచిత్రములోని దారియు, రైలుపెట్టెలోని రాత్రియు చేయు పని ఇదియే. కుంతి ఆలస్యముగా చెప్పిన మాటను అవి ముందుగ చెప్పును.

అదే పర్వమున, నానాదేశములనుండి వచ్చి అచ్చట కూలి, అడుగువారెవరును లేని యోధుల దేహములను వేలకొలది ప్రోగుచేయించి విదురుడు ధర్మరాజాజ్ఞచే దహనము చేయించెనని యున్నది. వారి పేర్లు వ్యాసుడు చెప్పలేదు. భీష్మద్రోణుల చితులను గూర్చి ప్రసంగించినంతగా మన పౌరాణికులు ఈ చితులను గూర్చి ప్రసంగింపకపోవుట నాకు చింత కలిగించు విషయము.

మన నిత్యకర్మలోను దీని జాడ యున్నది. తర్పణము చేయువాడు జంధ్యము అపసవ్యముగా వేసికొని, తండ్రితాతలకును, మాతామహులకును, పేరు గోత్రము చెప్పి బొటనవ్రేలికి చూపుడువ్రేలికి నడుమనుండి నువ్వులనీరు విడుచును. ఆ పట్టిక యంతయు ముగిసిన తరువాత, బంధువులు కానివారికిని, వేరొక జన్మమున బంధువులైనవారికిని, తల్లి గాని తండ్రి గాని చుట్టము గాని లేనివారందరికిని తృప్తి కలుగుగాక యని దర్భలతో ఒక దోసిలి విడువవలయునని విధించిరి. పేరు లేదు, గోత్రము లేదు. పది దినముల లెక్క, మూడు దినముల లెక్క వ్రాసిన శాస్త్రమే ఈ దోసిలిని గూడ పెట్టినది. పైన నేను కలదా యని ప్రశ్నించిన అధికారము ఇచ్చట స్పష్టముగా నున్నది. అది అధికారము మాత్రమే కాదు, విధి. ‘ఏనాటి ఋణమో’ యని మన ముసలమ్మలు పరుని యెడ కలిగిన అకారణప్రేమకు చెప్పు సమాధానము ఈ మంత్రార్థమునకు దూరమైనది కాదు.

అయితే ఆచరణమున ఆ దోసిలి గతి యేమగుచున్నది? మహాలయ పక్షమున సువర్ణరేఖ యొడ్డుననో, ఖర్కాయి కలిసికొను దోముహానీ వద్దనో చూడుడు. అప్పటికి కర్త కాళ్లు నొప్పిగొనియుండును, ఆఫీసు వేళ మించుచుండును, పురోహితునికి మరియొకచోట పిలుపుండును. తండ్రితాతల పేర్లకు చూపిన శ్రద్ధ చివరి మంత్రమునకు ఉండదు. అది సగము నాలుకపై, సగము గట్టుపై ముగిసిపోవును. అర్థము చెప్పువారును లేరు, అడుగువారును లేరు. అన్నిటికంటె మానవీయమైన వాక్యము అన్నిటికంటె త్వరగా జారిపోవుచున్నది.

కావున ఆగ్రికోలోను, కద్మాలోను, సోనారీలోను, బిష్టుపూరు రామమందిర పరిసరములందును పితృకార్యములు జరిపించు పురోహితులకు నాదొక విన్నపము. ఆ కడపటి దోసిలికి ముందు కర్తను ఒక్క క్షణము నిలిపి, ఈ నీరు ఎవరికో తెలుగులో చెప్పి, పిమ్మట విడిపింపుడు. కర్తలకును ఒక విన్నపము. పురోహితుడు చెప్పకున్నచో మీరే అడుగుడు. మీ యింటివారి పాడెకు భుజము పట్టిన తెలుగు రాని పొరుగువాడు ఈలోగా గతించియున్నచో, వాని గోత్రము మీకు తెలియదు గనుక, వానికి మీరు నీరీయగల తావు ఆ దోసిలియే.